కొలువు బొమ్మకు అతుకు వేసే ముందు: ఏ బొమ్మకు ఏ ముద్ద జిగురు

వినాయక చవితి అయిన మర్నాడే బొమ్మల పెట్టెలు అటక మీది నుంచి దించండి. అప్పటికి నవరాత్రులకు మూడు వారాల పైచిలుకు గడువు ఉంటుంది. మహాలయ అమావాస్య నాడు పెట్టె తెరిచి, చెయ్యి విరిగిన సరస్వతిని చూసి, వీధి చివరి కొట్టుకు పరుగెత్తి చేతికందిన జిగురు తెచ్చి పూసేవాళ్లు చెన్నైలోని మన తెలుగు ఇళ్లలో చాలామంది ఉన్నారు. ఆ అతుకు తొమ్మిది రోజులూ నిలుస్తుంది. మరుసటి ఏడు పెట్టె తెరిచేసరికి అతుకు అలాగే ఉంటుంది, దాని పక్కన మట్టి మాత్రం పెచ్చులూడి కనిపిస్తుంది.

జిగురు బొమ్మ కన్నా గట్టిదైతే ఇలాగే జరుగుతుంది. ఎండకో, ఉక్కకో, పెట్టె కుదుపుకో బొమ్మ ఒంటి మీద ఒత్తిడి పడితే గట్టి అతుకు తట్టుకుంటుంది, పక్కనున్న మెత్తని భాగం పగులుతుంది. కాబట్టి అతుకు బొమ్మ ఒంటికి సమానంగానో, కాస్త మెత్తగానో ఉండాలి. మళ్లీ విరిగే రోజు వస్తే అతుకు దగ్గరే విరగాలి. అప్పుడు మళ్లీ అతికించుకోవచ్చు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కొట్లో వరుసగా ఉన్న డబ్బాల్లో మీకు కావలసింది మీరే ఏరుకోగలరు.

ముందు బొమ్మ ఒంటిని చూడండి

విరిగిన చోటును పగటి వెలుగులో పరీక్షగా చూడండి. లోపల ఇటుక రంగు కనిపిస్తే అది కాల్చిన మట్టి. తడి వేలు ఆనిస్తే చటుక్కున నీటిని పీల్చుకుంటుంది. లోపల తెల్లగా ఉండి, గోటితో గీస్తే పొడి రాలితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. బొమ్మ తేలిగ్గా ఉండి, విరిగిన అంచు బూడిద రంగు పీచుగా, పొరలుగా ఉంటే కాగితపు గుజ్జు. నవరాత్రులకు ముందు మైలాపూరు ఉత్తర మాడ వీధిలో బారులు తీరే బొమ్మల్లో ఈ రకాలన్నీ కలిసే ఉంటాయి, రంగు వేశాక పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే విరిగిన చోటే మీకు నిజం చెబుతుంది. విరగని బొమ్మ అయితే తిరగేసి, రంగు అంటని అడుగు భాగం చూడండి.

అమ్మమ్మల నాటి కొండపల్లి బొమ్మలను చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టవచ్చు. తెల్లపొణికి చెక్క అంత తేలిక. తిరుపతి ఎర్రచందనపు మరపాచి జంట ఇందుకు పూర్తిగా ఎదురు: బరువైన, గట్టి చెక్క. ఏటికొప్పాక బొమ్మల మీద ఉండేది లక్క. దానికి వేడి తగిలితే మెత్తబడుతుంది, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. కాబట్టి ఆ బొమ్మల దగ్గరకు వేడి జిగురు తుపాకీని, స్పిరిట్‌లో ముంచిన దూదిని రానివ్వకండి.

తర్వాత రంగు పరీక్ష. దూదిపుల్లను కొద్దిగా తడిపి బొమ్మ వీపు మీద, ఎవరికీ కనిపించని చోట, మెల్లగా దొర్లించండి. దూదికి రంగు అంటితే అది నీటి రంగు. ఆ బొమ్మకు తడి గుడ్డ తగలకూడదు, పొడి కుంచెతోనే దుమ్ము దులపాలి. చాలా పాత బొమ్మలు విరగడం వల్ల కన్నా తడి గుడ్డతో తుడవడం వల్లే ఎక్కువ పాడయ్యాయని నా నమ్మకం.

ఎపాక్సీ ముద్ద

ఇనుప సామాన్ల కొట్లో అడగ్గానే ఇచ్చేది ఎం-సీల్. ఇలాంటి ఎపాక్సీ పుట్టీలు రెండు ముద్దలుగా వస్తాయి: ఒకటి రెసిన్, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డెనర్. సమానంగా తీసుకుని కలిపితే రసాయన చర్య మొదలై, ముద్ద దానంతట అదే బిగుసుకుంటుంది. ఇందులో ఆవిరయ్యే నీరు లేదు కాబట్టి గట్టిపడేటప్పుడు దాదాపు కుంచించుకుపోదు. ఊడిన ముక్కును, పోయిన వేలిని కొత్తగా మలచడానికి దీన్ని మించినది లేదు. హస్తకళల సామాను అమ్మే కొట్లలో దొరికే ఫెవిక్రిల్ మౌల్డిట్ కూడా రెండు భాగాలదే. సన్నని పని ఉన్నప్పుడు నేను దీన్నే ముందు చూస్తాను: పిండి నున్నగా ఉంటుంది, మలచడానికి తీరిక ఇస్తుంది. నిమిషాల్లో గట్టిపడే రకాలు కారుతున్న పైపులకు మంచివి. బొమ్మలకు వద్దు. ముక్కు తీరు కుదిరేలోపే ముద్ద చేతికి లొంగడం మానేస్తుంది.

కలపడంలోనే సగం పని ఉంది. రెండు ముద్దల రంగు వేరువేరుగా ఉంటుంది. చపాతీ పిండిని మడిచి ఒత్తినట్టు మడుస్తూ, ఒత్తుతూ, సాగదీస్తూ కలపండి. చారలు కనిపిస్తున్నంత సేపు అది కలవనట్టే. మొత్తం ఒకే రంగుకు వచ్చాక కూడా ఇంకొక నిమిషం పిసకండి. సరిగా కలవని చోట ముద్ద ఎన్నాళ్లైనా జిగటగానే ఉండిపోతుంది, దాని మీద వేసిన రంగు కూడా ఆరదు. కాసేపటికి ముద్ద గోరువెచ్చగా తగిలితే గట్టిపడడం మొదలైందని గుర్తు. వేడికి ఈ చర్య వేగం పెరుగుతుంది. చెన్నై మధ్యాహ్నం కలిపిన ముద్ద తెల్లవారి కలిపిన దాని కన్నా ముందే బిగుసుకుంటుంది. కాబట్టి ఉదయం పూట కూర్చోండి, ఒక్కసారికి శనగగింజంత, మహా అయితే ఉసిరికాయంత కలపండి.

చేతులకు నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. గట్టిపడని ఎపాక్సీ పదే పదే ఒంటికి తగిలితే కొందరికి చర్మం ఎర్రబడి దురదలు పుడతాయి, ఒకసారి ఆ అలర్జీ పట్టుకుంటే మళ్లీ వదలదు. గట్టిపడ్డాక ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, ముక్కుకు మాస్కు కట్టుకోండి. పిల్లలను ఈ పనికి కూర్చోబెట్టకండి. వాళ్లకు వేరే ముద్ద ఉంది, కింద చెబుతాను.

ఎపాక్సీ తగినవి: కాల్చిన మట్టి, గట్టి చెక్క, పింగాణీ, లోహం, గట్టి ప్లాస్టిక్. తగనివి: ప్లాస్టర్, కాగితపు గుజ్జు, పచ్చి మట్టి, కొండపల్లి చెక్క. తగని వాటి మీద రెండో కీడు కూడా ఉంది. గట్టిపడిన ఎపాక్సీని చదును చేయడానికి ఉప్పు కాగితం రుద్దితే, అది అరగకముందే చుట్టుపక్కల ప్లాస్టర్ అరిగి గుంట పడుతుంది.

మెత్తని ఒంటికి మెత్తని ముద్ద

కొండపల్లి బొమ్మకు ఏ జిగురు వాడాలన్న ప్రశ్నకు కొండపల్లి కళాకారులే ఎప్పుడో జవాబు చెప్పారు. వాళ్లు ఒళ్లు, చేతులు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడితో కాచిన జిగురులో రంపపు పొట్టు కలిపి, ఆ మక్కుతో అతుకుతారు, సందులు పూడుస్తారు. ఆ పైన సుద్ద పూసి రంగులు వేస్తారు. మలచగలిగే జిగురంటే ఇదే కదా! బొమ్మ పుట్టినప్పుడు ఏ ముద్దతో పుట్టిందో, బాగు చేసేటప్పుడు కూడా అదే ముద్ద వాడడం కన్నా మంచి మార్గం ఉండదు.

ఇంట్లో ఇలా చేసుకోవచ్చు. చింతగింజలను దోరగా వేయించి, పై పెంకు తీసేసి, మెత్తగా పొడి కొట్టండి. ఆ పొడిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ గరిటెకు అంటుకునేంత చిక్కగా కాచండి. చల్లారాక, జల్లెడ పట్టిన మెత్తని రంపపు పొట్టు కొద్ది కొద్దిగా కలిపి ముద్ద చేయండి. రంపపు పొట్టు వడ్రంగి దగ్గర అడిగితే దొరుకుతుంది, ప్లైవుడ్ పొట్టు కాకుండా మామూలు చెక్కది అడగండి. విరిగిన రెండు వైపులా ముందు పలచని జిగురు రాసి, ఆపైన మక్కు పెట్టి, దారంతో కట్టి, నీడలో ఆరబెట్టండి. ఇది తిండి సరుకుతో చేసినది కనుక చెన్నై తేమలో రెండు మూడు రోజులకే పులుస్తుంది. ఆ రోజుకు కావలసినంతే చేసుకోండి. పూర్తిగా ఆరకుండా రంగు వేస్తే లోపల బూజు పడుతుంది.

కాగితపు గుజ్జు బొమ్మకు కాగితపు గుజ్జే వైద్యం. వార్తాపత్రిక ముక్కలను రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీరు పిండేసి, అందులో తెల్ల ఫెవికాల్, కొంచెం సుద్ద పొడి కలిపితే చక్కగా మలచుకోగల ముద్ద అవుతుంది. పొరలు పలచగా వేయండి, ఒకటి ఆరాకే ఇంకొకటి. లావుగా ఒక్కసారే పెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఫ్యాను గాలి చాలు, ఎండలో పెట్టవద్దు. ప్లాస్టర్ బొమ్మకు ఫెవికాల్‌లో సుద్ద పొడి కలిపిన ముద్ద సరిపోతుంది. పిల్లల చేత చేయించదగినవి ఈ రెండే.

వారసత్వంగా వచ్చిన బొమ్మ అయితే ఇంకొక జాగ్రత్త. ఎపాక్సీ ఒకసారి గట్టిపడిందంటే వెనక్కి తీయలేం. ప్రదర్శనశాలల్లో పాత వస్తువులను బాగుచేసేవాళ్లు పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్ వాడతారు. అది అసిటోన్‌లో కరుగుతుంది కాబట్టి రేపు ఇంకా నేర్పున్న చేతులకు బొమ్మ చేరితే అతుకు విప్పుకునే వీలుంటుంది. అది దొరకకపోతే, విరిగిన మట్టి అంచుకు ముందు పలచని ఫెవికాల్ పూత వేసి ఆరనిచ్చి, దాని మీద ఎపాక్సీ ముద్ద పెట్టండి. ఫెవికాల్ పూత గోరువెచ్చని నీటికి మెత్తబడుతుంది కాబట్టి అతుకు పూర్తిగా శాశ్వతం కాకుండా ఉంటుంది.

సరస్వతి వేళ్లు, మొదటి నుంచి చివరిదాకా

కాల్చిన మట్టితో చేసిన అడుగెత్తు సరస్వతి బొమ్మ, వీణ మెట్ల మీద ఉండాల్సిన ఎడమ చేతి వేళ్లు పోయాయి అనుకుందాం. ముందు పెట్టె అడుగున, చుట్టిన గుడ్డ మడతల్లో వెతకండి. విరిగిన ముక్క దొరికితే కొత్తగా మలచే పనే లేదు, పలచగా జిగురు రాసి అతికించడమే. దొరకకపోతే ఇలా చేయండి.

అంచును పొడి కుంచెతో శుభ్రం చేసి, చేతితో తిప్పే సన్నని బర్మాతో విరిగిన అరచేతి మొండిలోకి చిన్న రంధ్రం వేయండి. కరెంటు బర్మా వద్దు, దాని అదురుకు మిగిలిన చెయ్యి కూడా ఊడుతుంది. పాత వైరులోంచి తీసిన సన్నని రాగి తీగను రంధ్రంలో పట్టేలా దూర్చండి. వేలు ఎంత పొడవుండాలో దాని కన్నా తీగ కాస్త పొట్టిగా ఉండాలి. మట్టి అంచుకు ఇందాక చెప్పినట్టు పలచని ఫెవికాల్ పూత వేసి, అది ఆరాక, కలిపిన ఎపాక్సీలోంచి మిరియపు గింజంత తీసి తీగ మొదట్లో, మట్టి అంచుకు అదిమి పెట్టండి. గాలి బుడగ మిగలకూడదు. ఈ చిన్న ముద్దే అసలు అతుకు, మిగతాదంతా రూపం.

ఇప్పుడు నాలుగు వేళ్లను నాలుగు పురుగుల్లా విడివిడిగా చుట్టి అతికించవద్దు. అరచేయి చివర ఒక చదునైన రేకలా ముద్ద పెట్టి, తడిపిన బ్లేడుతో మూడు గాట్లు పెడితే నాలుగు వేళ్లు వస్తాయి. చూపుడు వేలు, మధ్య వేలు వీణ తీగ మీద ఆనాలి, చిటికెన వేలు కొంచెం పైకి లేచి ఉండాలి. నమూనా కోసం ఫోనులో వెతకడం కన్నా మీ ఎడమ చేతినే ఎదురుగా ఒక కర్ర మీద అలా ఆనించి చూడండి. వేలి కణుపు ఎక్కడ వంగుతుందో, గోరు ఏ వైపు తిరుగుతుందో అప్పుడు తెలుస్తుంది. గోళ్లు పుల్ల మొనతో గీయండి. తడి వేలితో ఒక్కసారి నిమిరితే వేలిముద్రలు పోతాయి, నీరు మరీ ఎక్కువైతే పైపొర జిడ్డుగా మారుతుంది.

బియ్యం పోసిన పళ్లెంలో ఒక గుడ్డ పరిచి, చెయ్యి పైకి వచ్చేలా బొమ్మను పడుకోబెట్టండి. కదలదు, దొర్లదు. 24 గంటలు ముట్టుకోకండి. మర్నాడు 220 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 400 నంబరుతో ముగించండి. తర్వాత పలచగా తెల్ల అక్రిలిక్ పూత. ఒంటి రంగు కలిపేటప్పుడు ఒక విషయం: అక్రిలిక్ రంగు తడిగా ఉన్నప్పటి కన్నా ఆరాక ముదురుగా కనిపిస్తుంది. కలిపిన రంగును ఒక అట్టముక్క మీద రాసి, ఆరనిచ్చి, బొమ్మ చేతి పక్కన పెట్టి చూశాకే వేయండి. రంగు అతుకు మీద వరకే వేయాలి. పాత రంగు మీదికి పాకించి ‘కలిసిపోయేలా’ చేద్దామనిపిస్తుంది, ఆ కోరికను అదుపులో పెట్టుకోండి.

కిరీటాలు, గదలు, శెట్టిగారి దుకాణం సరుకులు

కొత్తగా చేసే సామాను విషయంలో మీకు స్వేచ్ఛ ఎక్కువ. బొమ్మ ఒంటికి అంటదు కాబట్టి గట్టిదనం లెక్క ఇక్కడ అక్కర్లేదు. చెన్నై కొలువుల్లో తప్పక కనిపించే చెట్టియారు దంపతుల ముందు పెట్టే వంకాయలు, అరటి గెలలు, పప్పు బస్తాలు, అట్లాగే పూలదండలు, వీటన్నిటికీ నేను మొదట చెప్పేది కోల్డ్ పోర్సిలిన్. పేరు గొప్పగా ఉన్నా అది ఫెవికాల్, కార్న్‌ఫ్లోర్ ముద్దే.

ఒక కప్పు తెల్ల ఫెవికాల్, ఒక కప్పు తెల్లని కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల బేబీ ఆయిల్, రెండు చెంచాల వెనిగర్ లేదా నిమ్మరసం కలపండి. వంటకు మళ్లీ వాడని పాత నాన్‌స్టిక్ గిన్నెలో సన్నని సెగ మీద తిప్పుతూ ఉంటే అంచులు వదిలి ముద్ద అవుతుంది. వేడి తగ్గగానే చేతికి కాస్త క్రీము రాసుకుని మర్దించి, ప్లాస్టిక్ కాగితంలో గాలి చొరకుండా చుట్టి పెట్టండి. ఆరాక కొంచెం కుంచించుకుపోతుంది, అందుకని కిరీటం తల కన్నా కాస్త వదులుగా చేయండి. ఆరితే పాలమీగడ రంగులో కాంతి చొరబడేలా ఉంటుంది. మల్లెపూలకు అదే అందం. వంకాయకు మాత్రం ముద్దలోనే కొంచెం తెల్ల రంగు కలపాలి. పూర్తయ్యాక వార్నిష్ తప్పనిసరి, లేకపోతే అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య రుతుపవనాల తేమకు మెత్తబడుతుంది, పిండి వాసనకు పురుగు కూడా వస్తుంది.

పాలిమర్ క్లే గాలికి ఆరదు, ఓవెన్‌లో సుమారు 130 డిగ్రీల దగ్గర కాల్చాలి, సరైన అంకె ప్యాకెట్ మీద ఉంటుంది. మైక్రోవేవ్ పనికిరాదు. కాల్చని ముద్దను ప్లాస్టిక్ బొమ్మకు ఆనించి ఉంచితే అందులోని మెత్తపరిచే పదార్థం బొమ్మ ప్లాస్టిక్‌ను జిగటగా మారుస్తుంది. విడిగా చేసి, కాల్చి, తర్వాతే తొడగండి.

వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ పూసలు కూడా దొరుకుతాయి. పాలీకాప్రోలాక్టోన్ అనే ఆ పదార్థం సుమారు 60 డిగ్రీల దగ్గర పారదర్శకమై చేతికి లొంగుతుంది, చల్లారితే తెల్లగా గట్టిపడుతుంది. నచ్చకపోతే మళ్లీ వేడినీళ్లలో వేయవచ్చు. వీణను నిలబెట్టే కొక్కెం, గద పిడి, గొడుగు కర్ర లాంటివి దీనితో చక్కగా కుదురుతాయి. కాల్చిన మట్టికి సరిగా అంటదు. కొలువు ముందు వెలిగించే దీపాలకు దూరంగా ఉంచండి.

ఐర్లండుకు చెందిన ఒక డిజైనర్ రూపొందించగా 2009లో అమ్మకానికి వచ్చిన సుగ్రు అనే సిలికోన్ ముద్ద గురించి చాలామంది అడుగుతారు. గాలిలోని తేమతో గట్టిపడి రబ్బరులా వంగుతుంది. దాని మీద రంగు నిలవదు కాబట్టి కనిపించే పనికి వద్దు. నున్నని కొలువు మెట్ల మీద బరువు బొమ్మ జారకుండా పీఠం అడుగున బుడిపెలు పెట్టడానికి మంచిది. ప్యాకెట్ తెరిస్తే వెంటనే వాడేయాలి.

ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగురు మీద వంటసోడా చల్లితే క్షణంలో గట్టిపడి చిన్న సందు పూడుతుంది. చెక్క పీఠం పగుళ్ల లాంటి వాటికి వాడుకోవచ్చు. ముఖానికి, చేతులకు వద్దు: పెళుసుగా ఉంటుంది, చుట్టూ తెల్లని పొగ మరక పడుతుంది. బొమ్మకు కట్టిన నూలు చీర మీద పడనివ్వకండి. ఆ జిగురు నూలుతో కలిస్తే చెయ్యి కాలేంత వేడి పుడుతుంది.

పిల్లల ప్లాస్టిక్ బొమ్మలు

కొలువు పార్కులో నిలబెట్టే బార్బీల లాంటి బొమ్మల మెత్తని తలలు సాధారణంగా వినైల్‌వి, మొండెం గట్టి ప్లాస్టిక్. గట్టి భాగాన్ని ఉప్పు కాగితంతో గరుకు చేసి ఎపాక్సీ వాడవచ్చు. మెత్తని వినైల్ వంగినప్పుడు ఎపాక్సీ దానితో పాటు వంగలేక ఊడిపోతుంది. మైనంలా నున్నగా తగిలే పాలిథిన్, పాలీప్రొపిలీన్ ముక్కలకు మామూలు జిగురు ఏదీ పట్టదు. అక్కడ జిగురు వెతకడం మాని, సన్నని తీగ మేకుతో కలపండి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో అతికించిన బొమ్మను ఆటకు ఇవ్వకండి, మెట్టు మీదే ఉంచండి.

విజయదశమి తర్వాత బొమ్మలు చుట్టిపెట్టేటప్పుడు, అతికించిన ప్రతి బొమ్మ అడుగున ఏ జిగురు వాడారో, ఏ ఏడాదో పెన్సిల్‌తో రాయండి. అడుగున చోటు లేకపోతే చీటీ రాసి గుడ్డలో పెట్టండి. వచ్చే ఏడు అదే చోట మళ్లీ విరిగితే దేనితో విప్పాలో, దేనితో అతకాలో చూసిన వెంటనే తెలుస్తుంది.